చదవకుండా వదిలేసిన మొదటి పేరా

దుబాయ్ పక్కనే ఉన్న రోలాలో ఒక ఇరుకు ఫ్లాట్‌లో ఆదివారాలు ఉచిత కౌన్సెలింగ్ జరిగేది. చదవలేని తెలుగువాళ్లకు నేను ప్రశ్నలు చదివి, జవాబులు రాసుకునేదాన్ని. ఇరవై ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఐదు మార్కులు; ఎంత బాగున్నామంటే అన్ని ఎక్కువ. తక్కువ వచ్చినవాళ్లను కౌన్సెలర్ ముందు చూసేవారు. అందరికీ ఒకటే కాగితం, ఇంతకన్నా న్యాయం ఏముంటుందని డైరీలో రాసుకున్నాను కూడా.

ఆ సాయంత్రం ఇద్దరు మిగిలారు. సమయం ఒక్కరికే ఉంది. విశాఖ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగిని తన కాగితం తనే నింపింది. నలభై ఒకటి వచ్చింది. రెండో మనిషి జగిత్యాల వైపు మేస్త్రీ. సోనాపూర్ కార్మికుల క్యాంపు సూపర్‌వైజర్ ఇతన్ని కంపెనీ బస్సెక్కించి పంపాడు. చదువు రాదు.

"నిద్ర పడుతోందా అన్నా?"

"ఫస్ట్‌క్లాస్."

"దిగులుగా ఉంటోందా?"

"దిగులెందుకు చెల్లె? దుబాయ్‌ల ఉన్న గద!"

తొంభై ఎనిమిది. బ్యాంకు ఆమె లోపలికి వెళ్లింది. ఇతను మాత్రం కదల్లేదు.

"గీ కాయితం మా ముదీర్‌కు ఎప్పుడిస్తరు?"

"మీ మేనేజర్‌కా? ఎవరికీ ఇవ్వం. మొదటి పేరాలోనే రాసుంది."

"రాసుంటే నాకేమెర్క? నువ్వు సదవలేదు గద."

ఆ పేరా పొడుగ్గా, సర్కారు భాషలో ఉంటుంది. ఎదుటివాళ్ల ముందు గొంతెత్తి చదవడానికి సిగ్గేసి, ప్రతిసారీ నేరుగా మొదటి ప్రశ్నకే వెళ్లిపోయేదాన్ని. బ్యాంకు ఆమె అది చదువుకుని నిజం రాసింది. ఇతను కంపెనీకి జవాబు చెప్పాడు.

"మంచిగ లేదంటే ఇంటికి తోలేస్తరు చెల్లె."

పేరా మొత్తం చదివాను. మళ్లీ అడిగాను. "నిద్ర?"

"నెలాయె. నా కింది మంచమాయన సైట్‌ల పడి సచ్చిండు. మొన్న పదో అంతస్తుల నేను సేఫ్టీ బెల్టు పెట్టుకోలే. మర్సిన్నో, కావాల్నని ఇడిసిన్నో, నాకే ఎర్కలేదు."

కింద బస్సు హారన్ కొట్టింది. "యల్లా, యల్లా!" అని ఎవరో తొందరపెడుతూ అరిచారు. అతను లేచాడు.

"కూర్చోండి!" అన్నాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

వెళ్లి మూసిన తలుపు కొట్టాను. "ఈయన మార్కులు తప్పు. నేనే తప్పు చేశాను." కౌన్సెలర్ అతని ముఖం చూసింది. బ్యాంకు ఆమె బ్యాగు తీసుకుని లేచి, తన కుర్చీ అతనికిచ్చి బయటికొచ్చింది. తలుపు మూసుకుంది. బస్సు వెళ్లిపోయింది.

బ్యాంకు ఆమెకు మంచినీళ్లిచ్చి బీరువా తెరిచాను. పోయిన ఆదివారాల కాగితాల్లో చదువు రానివాళ్లవన్నీ నా చేతిరాతే. క్యాంపులవాళ్లవి వరసగా తొంభై నాలుగు, తొంభై ఏడు, తొంభై తొమ్మిది.