మూకుట్లో పోసిన ముంతెడు నీళ్లు

పాసయ్యాను! బీఏ పాసయ్యాను! పేపర్లో నా నంబరుంది, వేలు పెట్టి మళ్లీ మళ్లీ చూసుకున్నాను. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాదే. అదీ ఈ కుడిచేత్తో రాసి! ఈ చెయ్యి ఇక పెన్ను పట్టదేమో అనుకున్న రోజులున్నాయి. ఆ సంగతి చెబుతాను, పండగలకి పొయ్యి దగ్గర కూర్చునేవాళ్లకి పనికొస్తుంది.

మాది హుకుంపేట దగ్గర కొండమీద ఊరు. ఫైనలియర్ క్రిస్మస్ సెలవలకి హాస్టల్ నుంచి ఇంటికొచ్చాను. పండగ ముందురోజు అరిసెలు వండుతున్నాం. మా ఇంట్లో మూకుడు నిండా నూనె పొయ్యెక్కేది ఏడాదికి ఆ ఒక్కరోజే. మిగతా రోజులన్నీ అంబలి, ఉడకేసిన కూరలు. పైన గడ్డికప్పు. పొయ్యికి సరిగ్గా నెత్తిమీద విత్తనానికి దాచిన మొక్కజొన్న పొత్తులు వేలాడుతుంటాయి, పొగ తగిలితే పురుగు పట్టదని.

ఆరోజు వలిసెల నూనె వాలకం నాకు నచ్చలేదు. నీలంగా పొగ లేచి కళ్లు మండాయి.

"వదినా, మంట తగ్గించవా?" అన్నాను.

మా అన్న భార్య చిలకమ్మ పిండి తడుతూ నవ్వింది. "ఓలమ్మ! కాలేజీలో అరిసెలు కూడా నేర్పుతున్నారేటి? కలట్టరయ్యాక తగ్గిద్దువుగాని, ముందు గరిట పట్టు."

పట్టాను. నూనె దానంతటదే అంటుకుంది. మంట పొత్తులకేసి లేస్తోంది. వదిన పక్కనున్న నీళ్ల ముంత ఎత్తి మూకుట్లో గుమ్మరించింది.

పేలినట్టయింది. మంట, నూనె కలిసి నామీదికొచ్చాయి. కుడిచెయ్యి వేళ్ల నుంచి మోచేతిదాకా కాలింది.

జనం పోగయ్యారు. ఒకరు పసుపన్నారు, ఒకరు సిరా పూశారు. చిన్నాన్న గుమ్మంలో నిలబడి, "ఇది చిల్లంగే. మన గుంట సదువు సూసి ఓర్వనేక ఎవులో సేయించినారు" అన్నాడు. అన్న జీపు పట్టి విశాఖ పెద్దాసుపత్రిలో చేర్చాడు.

డాక్టరమ్మ సిరా కడిగించి, "డీప్ సెకండ్ డిగ్రీ బర్న్స్" అంది నర్సుతో. తర్వాత అన్నని బయటికి పంపేసి గొంతు తగ్గించింది.

"నిజం చెప్పమ్మా. నీమీద ఎవరు ఏం పోశారు?"

"ఎవరూ పోయలేదండీ. పిండివంటలు వండుతుంటే..."

"ఈ వార్డులో అందరూ వంటే చేస్తుంటారు. భయపడకు, చెప్పు."

"మంటమీద మా వదిన నీళ్లు పోసిందండీ."

"కాలే నూనె మీద నీళ్లా!" అని తల పట్టుకుంది. "నీళ్లు అడుక్కి దిగి ఒక్కసారిగా ఆవిరవుతాయి, నూనెనంతా ఎగజిమ్ముతాయి. మూత పెట్టాలమ్మా, మూత."

అక్కడితో ఆవిడ అనుమానం తీరింది. నాది మొదలైంది. మంచంమీద పడుకుని అదే ఆలోచన. ఆ ముంత ముందే అక్కడికెలా వచ్చింది? కలట్టరని ఎందుకు వెటకారం చేసింది? తనని ఐదో క్లాసుతో మాన్పించారు, నామీద కుళ్లా? వదిన జావ తెస్తే వాసన చూసి తాగాను.

ఈలోగా ఇన్ఫెక్షన్, జ్వరం. తొడ నుంచి చర్మం తీసి స్కిన్ గ్రాఫ్టింగ్ చేశారు. అది అతుక్కుంది గానీ వేళ్లు లోపలికి ముడుచుకుపోసాగాయి. "కాంట్రాక్చర్" అంది డాక్టరమ్మ. "వేళ్లు చాపి ఉంచే స్ప్లింట్ కట్టుకోవాలి, ఎక్సర్‌సైజులు మానకూడదు."

"మార్చిలో పరీక్షలండీ."

"మార్చి మర్చిపో. ఆ తర్వాత సంగతి నీ వేళ్లని అడుగు."

ఒకరోజు ఉండబట్టలేక అమ్మని అడిగేశాను, ఆ ముంత పొయ్యి పక్కన ఎందుకుందని.

"నానే పెట్టమన్నాను. పైన ఇత్తనముంది కాదేటి, నిప్పురవ్వ ఎగిరితే? మా అత్త కాలం కాడ్నించీ పండగ పొయ్యి పక్కన ముంత పెడతన్నాం. నువ్వు ఇంటిపట్టునుంటే కదా తెలవడానికి!"

పొత్తులంటుకుంటే ఆర్పడానికి పెట్టిన నీళ్లవి. గడ్డికప్పు, పోడు, ఏది అంటుకున్నా మేం నీళ్లే పోస్తాం. వదిన చోట నేనున్నా అదే ముంత ఎత్తేదాన్ని.

ఇంటికొచ్చాక పొద్దుటా సాయంత్రం వేళ్లు సాగదీసింది వదినే.

"సంపేత్తన్నావు వదినా! కావాలనే నొక్కుతున్నావు!"

"అవునే, కావాలనే. ఏడుత్తూనే వేళ్లు సాపు. ఆసుపత్రిలో నా జావ కుక్కలాగ వాసన సూసి తాగినావు, నాను సూడ్లేదనుకున్నావేటి?"

ఏడుపులోనే నవ్వొచ్చేసింది నాకు.

పెన్సిలుకి గుడ్డ చుట్టి అఆలు దిద్దాను, చిన్నపిల్లలాగ. మార్చి పోయింది. సెప్టెంబరులో రాశాను. హాల్లో సారు నా చేతి కట్టులో స్లిప్పులున్నాయేమోనని విప్పించాడు. చెయ్యి చూసి, తనే మళ్లీ కట్టాడు.

ఇప్పటికీ చిటికెనవేలు సాగదు. అరకు చలికి చర్మం లాగుతుంది. పొగలేచే ఏ మూకుణ్ణీ నమ్మను. పొత్తులు వసారాలోకి మార్చేశాం. మీకు చెప్పేదొక్కటే: నూనె పెట్టేముందు మూకుడుకి సరిపోయే మూత చేతికందేలా పెట్టుకోండి. అంటుకుంటే పక్కనుంచి మూత జరిపి కప్పి, కట్టెలు వెనక్కి లాగి, చల్లారేదాకా తియ్యకండి. నీళ్లు కాలిన ఒంటికి పొయ్యండి, నూనెకి కాదు.

పోస్టాఫీసులో ట్రంకాల్ బుక్ చేసి కూర్చున్నాను. ఇంకా చెప్పాల్సినవాళ్లు:

హాస్టల్ వార్డెనమ్మ.

రాజవొమ్మంగిలో నా రూమ్మేటు, నోట్సంతా తనే రాసిపెట్టింది.

డాక్టరమ్మ, వార్డుకి కలిపితే.

పురిటికి కురుపాం వెళ్లిన వదిన. బజార్లో కిరాణా కొట్టుకి చేసి పిలిపించాలి. ఆవిడ నడిచొచ్చేదాకా ఫోను పెట్టెయ్యొద్దని షావుకారిని బతిమాలాలి.