వేట మానని రోజు

నా చిన్నప్పుడు ఉద్దానం తీరాన మా పల్లెకు తెలిసిన సెలవు ఒకటే. ఊళ్లో ఎవరైనా పోతే ఆ రోజు ఒక్క తెప్ప కూడా సముద్రంలోకి దిగేది కాదు. సర్కారువారి సెలవులు బడికే గాని వేటకు ఉండేవి కావు.

ఒక ఏడు ప్రభుత్వం, కాలం చేసిన ఒక పెద్ద నాయకుడి పుట్టినరోజుకు సెలవిచ్చింది. ఆయన హయాంలో మా ఊళ్లో కొందరికి పక్కా ఇళ్లు వచ్చాయి, పక్కింటి అక్క వాళ్లకు కూడా. అందుకని ఆ రోజు వేట మానాలని ఊరి పెద్దలు తీర్మానించారు. బడిలో ఆయన పటానికి దండ వేసి మాకు తలో లడ్డూ పెట్టారు. నేను సగం తిని, మిగతాది మా నాయనమ్మకు చూపిద్దామని ఇంటికి పరిగెత్తాను.

ఎవరిచ్చారని అడిగింది. చెప్పాను. నన్ను చివరి ముక్క దాకా తిననిచ్చింది. అప్పుడు కొంగుతో నా మూతి తుడిచి చెప్పింది. మా తాతయ్య ఎండుచేపల గంపతో పలాస వెళ్లి, అక్కడేదో గొడవలో పోలీసుల తూటాకు పోయాడట. కాల్చమన్నది ఆ నాయకుడేనట. తాతయ్య పేరు ఏ కాగితంలోనూ రాలేదట.

నాయనమ్మ మా నాన్నను వేటకు వల తీయమంది. ఊరి మాట కాదనొద్దని పెద్దలు వచ్చి నచ్చజెప్పబోయారు. ఆమె గొంతు పెంచలేదు.

"మనోళ్లు సత్తే మనం వేట మానేత్తాం. నా మొగుణ్ని సంపించినోడి పుట్టినరోజుకి నా కొడుకు మానడు బాబూ."

నాన్న, బాబాయి తెప్ప దింపారు. తెచ్చిన చేపలు ఎవరూ కొనలేదు. పక్కింటి అక్క ఒక్కతే గిన్నె పట్టుకొచ్చి తల దించుకుని నిలబడింది. నాయనమ్మ ఆ గిన్నె నింపి పంపింది.

తర్వాత ప్రభుత్వం మారింది. సెలవు పోయింది, బడి గోడ మీంచి పటమూ దిగింది. నేనే గెలిచినట్టు పరుగున వెళ్లి నాయనమ్మకు చెప్పాను.

"సెలవు తీసేత్తే మీ తాత లేసొత్తాడేటే?" అని తెగిన వల అల్లుకుంటూ కూర్చుంది. పటం తీసేశారని అక్క ఏడుస్తోందని తెలిశాక మాత్రం లేచి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. నాకు కోపం వచ్చింది. ఆయన వాళ్లకు ఇల్లిచ్చిన మాట కూడా నిజమేనంది నాయనమ్మ.

ఆ సెలవు మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. ఈ ఏడు క్యాలెండరులో ఇంకోసారి ఎర్రంకె అయింది. టీవీలో రెండు పార్టీలవాళ్లూ ఆయన గురించి కొట్టుకుంటున్నారు. వాళ్లలో ఒక్కరికీ మా తాతయ్య పేరు తెలియదు.

మొన్న మా మనవరాలు బడి నుంచి లడ్డూ తెచ్చుకుంది. నోటిదాకా వచ్చిన మాట మింగాను. చివరి ముక్క దాకా తిననిచ్చాను. మూతి తుడిచి, అప్పుడు దానికి మా తాతయ్య పేరు చెప్పాను.