తీగ లేని కరెంటు రైలు

మా ఇంట్లో అద్దాల బీరువాలో ఒక ఆకుపచ్చ రైలు ఉంది. రెండే పెట్టెలు, మూరెడు పొడవు. ఇంగ్లండులో ఒకప్పుడు నడిచిన కరెంటు పాసింజరును కొలతల ప్రకారం తగ్గించి చెక్కతో చేసిన నమూనా అది. కూర్చునే ప్రతి వరుసకూ విడిగా ఒక తలుపు, ప్రతి తలుపుకూ ఆవగింజంత ఇత్తడి పిడి.

మా నాయన రైల్వేలో కీమ్యాన్. మార్కాపురం రోడ్డు స్టేషన్ దగ్గర నుంచి రోజూ పట్టాల వెంబడి నడిచి, పట్టాలను పట్టి ఉంచే కీలు వదులైతే సుత్తితో బిగించడం ఆయన ఉద్యోగం. ఆ పని కంటితో కన్నా చెవితోనే ఎక్కువ చేసేవాడు. సుత్తి తగిలిన శబ్దాన్ని బట్టి ఏ కీ వదులైందో చెప్పగలడు. లైను పక్కనే ఉన్న మిషన్ కాంపౌండులో ఒక దొరసానమ్మ ఎండాకాలం ఆయనను పిలిచి మజ్జిగ ఇచ్చేది. తిరిగి తన దేశం పోయేటప్పుడు, తన తండ్రి చేతులతో చేసిన ఈ రైలును నాయన చేతిలో పెట్టి పోయింది.

ఆ రోజు నుంచి నాయనకు ఒకటే ప్రశ్న.

"కరెంటు రైలంటాండారు. నెత్తిన తీగ లేదు, తీగను అందుకునే కొమ్ము లేదు. దీనికి కరెంటు యాడ నుంచి వస్తాదిరా?"

ఇంటికి వచ్చిన వాళ్ళందరినీ అడిగేవాడు. పాస్టరు గారిని అడిగాడు, కరెంటు లైన్‌మన్‌ను అడిగాడు, చివరికి కళ్ళు పరీక్ష చేసే డాక్టరునూ అడిగాడు. ఎవరికీ తెలియలేదు. చక్రాల పక్కన బయటికి పొడుచుకొచ్చిన నాలుగు చిన్న చెక్కలను చూపించి, "నాకు వీటి మీదనే అనుమానం. ఊరికే పెట్టరు," అనేవాడు. ఇచ్చినప్పుడే దొరసానమ్మను అడిగి ఉంటే పోయేది కదా అని నేను విసుక్కునేవాణ్ణి. "ఇచ్చిన మనిషికి పరీచ్చ పెడతారా?" అనేవాడు.

నేను పలకలకు చెక్క చట్రాలు చేసి బతికినవాణ్ణి. చట్రంలో ఏది పొడుచుకొచ్చినా పిల్లల చేతికి గుచ్చుకుంటుంది. అందుకని కోసెయ్యి, గరుకు కాగితంతో నునుపు చెయ్యి. ముప్పై ఏళ్ళు నా చేతులకు అదొక్కటే తెలుసు.

మా లైనుకు కరెంటు తీగలు వేసే నాటికి నీటికాసులతో నాయన చూపు పూర్తిగా పోయింది. మొదటిసారి కరెంటు ఇంజను వచ్చిందంటే చెయ్యి పట్టుకుని స్టేషనుకు తీసుకుపోయాను. "శబ్దమే లేదు గదరా," అని దిగులుపడ్డాడు. ఆ దిగులు నాకు గుచ్చుకుంది. కంటికి అందనిది చేతికైనా అందిద్దామని, పలకరాతి మీద చిన్న పట్టాలు, స్తంభాలు, తీగ అమర్చి, రైలు నెత్తిన రాగితీగతో కొమ్ము పెట్టాను. రైలును నడిపి చూస్తే ఆ నాలుగు చెక్కలు స్తంభాలకు తగులుతున్నాయి. రెండో ఆలోచన లేదు. సన్న రంపంతో నాలుగూ కోసేసి, రుద్ది, ఆకుపచ్చ రంగు పూసి, ముక్కలను పొయ్యిలోకి ఊడ్చేశాను. నాయన వరండాలో మంచం మీద పడుకుని ఉన్నాడు.

తెచ్చి ఒళ్ళో పెట్టాను. స్తంభాలు తడిమాడు, తీగ తడిమాడు, కొమ్ము తడిమాడు. తర్వాత వేళ్ళు చక్రాల దగ్గరికి వచ్చి ఆగిపోయాయి.

"ఈడ చెక్కలు ఉండాల్నే?"

"అవి ఎప్పుడో విరిగిపోయినాయిలే నాయనా."

"అట్లనా," అని రైలు నా చేతికిచ్చాడు. ఆ తర్వాత ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. తీగ పెట్టాక తృప్తి పడ్డాడనుకుని నేను మురిసిపోయాను.

మూడేళ్ళు గడిచాయి. పోయిన ఏడాది నాయన గుండె బలహీనపడింది. ఎక్కువ రోజులు లేవని చెప్పి డాక్టరు ఇంటికి పంపేశాడు. ఆ వారంలోనే మా కోడలు ఫోనులో రైలును ఫోటో తీసి ఏదో వెతికింది.

"మామా, ఈ రైలుకు తీగలుండవంట. పట్టాల పక్కన కరెంటు పట్టా ఇంకొకటి ఉంటాదంట. చక్రాల పక్కన చెక్కలుంటాయి, వాటి కింద ఇనప ముక్క దాని మీద రాసుకుంటా పోతాదంట. మన దానికి ఆ చెక్కలేవి?"

ఫోను పక్కన పెట్టి పని చూసుకొమ్మని కసురుకున్నాను. పాపం, ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా పని. ఆయన జీవితమంతా వెతికిన జవాబును నేనే కోసి పొయ్యిలో వేశాను. రెండు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. మూడో రోజు చట్రం చెక్కతో నాలుగు ముక్కలు చెక్కి, జిగురుతో అతికించాను. స్తంభాలు, తీగ, కొమ్ము పీకేశాను.

మర్నాడు పొద్దున్నే నాయన వేలు పట్టుకుని ఆ చెక్క మీద పెట్టి, కోడలు చెప్పిందంతా చెప్పాను. "నీ అనుమానమే నిజం నాయనా. విరిగిన వాటి బదులు కొత్తవి చేసినా," అన్నాను. అప్పటికీ నిజం చెప్పడానికి నోరు రాలేదు.

ఆయన ముఖమంతా నవ్వయింది. నాలుగు చెక్కలనూ గోటితో ఒక్కొక్కటిగా తట్టి విన్నాడు.

"బాగా బిగిసినాయి. పాతవి విరగలేదులేరా. ఆ పొద్దు నాలుగు కోతలు కోసినావు. మంచం మీద వింటానే ఉండా."

"మరి నన్ను అడగలేదే?"

"అడిగితే మళ్ళా అబద్ధం చెప్తావు. ఇంగొకర్ని అడిగితే, కరెంటు ఆ చెక్కల్లోనే ఉందని వాళ్ళు చెప్తే, నువ్వు తల యాడ పెట్టుకుంటావు? అందుకే అడిగేది మానేసినా."

మంచం పక్కన కింద కూలబడ్డాను. "నేనే కోసినా నాయనా," అన్నాను.

"ఊఁ," అన్నాడు. రైలును దుప్పటి మీద మెల్లగా ముందుకు తోశాడు. "ఇంగొకసారి చెప్పు. కరెంటు యాడ నుంచి వస్తాది?"

ఆయన వేలు పట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చెప్పాను.