వసంతక్క దవుడపన్ను

మా వసంతక్క తనకు నొస్తుందని చెప్పంగ నేను యిన్నది లేదు. నా సంగతి వేరు, నాకు ముల్లు గుచ్చినా గల్లీ అంత ఉర్కి రావాలె. ఆమె నాకు యారాలు, మా బావ రాజేశ్వర్ పెండ్లాం. నేను ఈ ఇంటికి చిన్నకోడలుగ వచ్చిన కాన్నుంచి ఇద్దరం బోధన్ల ఒక్క అరుగు మీద కూసోని బీడీలు చేస్తున్నం. ఆకు, తంబాకు ఉన్న చాట ఒళ్లె పెట్టుకున్నదంటె ఇగ ఆమె లేచేది బువ్వకే. జరమొచ్చినా చేస్తది, నడుం పట్టుకున్నా చేస్తది. ఏమైందక్కా అంటె ఏం గాలె అంటది. ఆ "ఏం గాలె" యింటెనే నాకు ఒళ్లు మండుతది.

ఆమెకున్న గర్వమల్ల ఒక్కటే, పళ్లు. చెరుకు కాలంల మా బావ తెలిసినోళ్ల తోటల నుంచి గడలు తెస్తడు. మేము కత్తి కోసం దేవులాడే లోపట ఆమె గడను దవుడకింద పెట్టి, తొక్క సర్రున చీరి అవతల పారేస్తది. యాభై దాటినంక గూడ అంతే. పళ్లు పోతయక్కా అంటె నా మొకం చూసి నవ్వి ఇంకో గడ అందుకునేది. పోయిన చెరుకు కాలంల ఒకనాడు గణుపు కాడ కొరికి ఆగిపోయింది. నమిలేది ఆపి దవుడ మీద చెయ్యి పెట్టుకున్నది. అడిగితె ఏం గాలె అన్నది. పన్ను నడుమకు పగిలిందని మాకు తెలిసేసరికి చెరుకు కాలమే అయిపోయింది.

ఇగ మొదలైనయి మా ఇంటి వైద్యాలు. లవంగం పన్నుకింద పెట్టుకొనే బీడీలు చేసేది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తె జర నయమనిపిచ్చేది. జామాకులు ఉడకపెట్టి ఆ నీళ్లు గూడ పుక్కిలిచ్చింది. ఎల్లిపాయ మంచిదని ఎవలో చెప్తె నేనే ఉప్పేసి నూరి, మెత్తగ నొక్కి పెట్టిన. చిగురు కాలి తోలు లేచింది. అప్పుడు గూడ ఆ మనిషి ఏమనలే, కండ్లల్లకెల్లి నీళ్లు మాత్రం కారినయి. ఎదురింటి మాసూమా ఆపా వచ్చి నన్ను మస్తు తిట్టింది. లవంగం నూనెల దూది ముంచి, పిండి, పన్ను మీదనే పెట్టాలె, చిగురుకు తాకొద్దు అని చేసి చూపిచ్చింది. దాంతోని నిద్రవట్టింది. నొప్పి పోయిందని మేము సంబురపడ్డం. అది ఎక్కడికి పోలే. దవుడ ఉబ్బి, కన్ను చిన్నగై, నోరు తెరవరాకుంట అయినంక మాసూమా ఆపానే నిజామాబాద్ల తన చెల్లె బిడ్డకు ఫోన్ కొట్టింది. ఆ పిల్ల పళ్ల డాక్టర్, పేరు నజియా.

నజియా డాక్టర్ ముందు వాపు తగ్గనీకి గోలీలిచ్చి, తగ్గినంక పన్ను తీసింది. తీసేముందు ఏమేం జబ్బులున్నయి, ఏం గోలీలు వేసుకుంటవు అని అన్ని అడిగింది. బీడీ, తంబాకు అలవాటున్నదా అని గూడ అడిగింది. వసంతక్క ఛీ లేదమ్మా అన్నది. బీడీలు చేస్తం గని మా ఇంట్ల ఆడోళ్లం ఒక్కలం గూడ నోట్లె పెట్టమని నేను పక్కకెల్లి గొప్పగ చెప్పిన. అబద్ధం గాదు.

దూది గట్టిగ కొరికిపట్టి ఉండాలన్నది డాక్టర్. ఇయ్యాల ఉమ్మొద్దు, పుక్కిలించొద్దు, వేడివేడిది తినొద్దు, పుల్లతోని గెలకొద్దు. నెత్తురు గడ్డకట్టి ఆ బొందకు మూతలెక్క ఉంటది, ఆ మూత ఊడొద్దు. ఉప్పునీళ్లు రేపటి నుంచి, అది గూడ మెల్లగ. నేను అన్నిటికి తలూపిన. గని బస్సెక్కినంక ఆమె నోట్లె నెత్తురు కలిసిన ఎంగిలి నిండింది. మింగక్కా అని ఎట్ల చెప్పాలె? నెత్తురు మింగుడేంది, మా ఇండ్లల్ల ఎవలన్న మింగుతరా? తువ్వాలలకు ఉమ్మింది. ఇంటికొచ్చినంక బాత్రూం కాడ నిలవడి మల్ల మల్ల ఉమ్మింది. ఎంత ఉమ్మితె అంత వచ్చింది. సందెకు మా బావ మిల్లు నుంచి రాంగనే నెత్తురు ఆగిందా అని అడిగిండు. ఆగింది అన్నది. నిజంగనే ఆగింది. మేము చల్లారిన గంజి తాగిపిచ్చి పండవెట్టినం.

రెండు రోజులు మంచిగనే ఉండె. అటెనక నొప్పి లేచింది. పన్ను లేని కాడ నొప్పేంది? చెవుల దాకా ఎక్కింది. చెయ్యి దవుడకు అంటుకపోయింది. నోటికెల్లి వాసన మొదలైంది. నేను అరుగు మీద కూసోవెట్టి, నోరు తెరువుమని ఫోను లైటేసి చూసిన. ఎర్రగ ఉండాల్సిన కాడ ఎర్ర లేదు. బూడిద రంగు బొంద, అడుగున తెల్లగ ఎముకసొంటిది కనవడ్డది. మంచిగనే మానుతున్నదక్కా అని చెప్పి, నీళ్లు తెస్తనని లోపటికి పోయిన. చెంబు పట్టుకొని బయటికొచ్చేసరికి ఆమె నా మొకమే చూస్తున్నది.

"అవ్వకు గూడ గిట్లనే ఉండె" అన్నది.

వాళ్ల అవ్వ, కన్నతల్లి సంగతి నాకు ఇని తెలుసు. వర్ని దిక్కు ఊరు వాళ్లది. ఆమెకు బుగ్గలోపట పుండు లేచి, మానకుంట పెరిగి, వాసనొచ్చి, చివరికి బువ్వ పోకుంట అయి పానం పోయిందట. అప్పుడు వసంతక్కకు ఇంక పెండ్లి గాలే, చేసిందంత ఆమెనే. ఆ పుండు పేరు మా ఇంట్ల ఎవలు ఎత్తరు. ఆ దినం నుంచి నాకు గూడ బువ్వ పోలే. ఎప్పుడు ఆమె నోటి దిక్కే చూసుడు, చూస్తున్నట్టు కనవడొద్దని చాట దిక్కు తిరుగుడు. మా బావ డ్యూటీకి పోకుంట వాకిట్ల తిరిగేటోడు. ఆమె లోపటికి పోంగనే, ఏమన్న చెప్పిందా రాణీ అని నన్ను మెల్లగ అడిగేటోడు. నాకేం చెప్తది బావా, నీకు చెప్పనిది అన్న. కోపం ఆయన మీద గాదు, ఎవల మీదనో నాకే తెల్వదు.

మల్ల డాక్టర్ కాడికి పోదామంటె ఆమె కదలదు. పైకెల్లి ఇల్లు నాకు అప్పజెప్పుడు మొదలువెట్టింది. బావ షుగర్ గోలీ బువ్వకు ముందు ఇయ్యాలె అంటది. చింతకాయ తొక్కుల తడి గంటె పెట్టొద్దంటది. పెట్టెలున్న పట్టుచీర నీ రంగుకు మంచిగుంటది అంటది. బీడీలు మాత్రం ఆపలే. దవుడను భుజానికి ఆనిచ్చుకొని, ఆకు మల్సుకుంట, దారం కట్టుకుంట అన్నది:

"ఆ డాక్టర్ పిల్ల సూస్తె దానికి పేరు పెడ్తది రాణీ. పేరు పెట్టకుంటె గిట్లనే ఇంకొన్ని దినాలు ఉంట కదా."

నేను చాట ఒళ్లెకెల్లి గుంజి పక్కకు పారేసిన. తంబాకు అరుగంత చిందింది. నోటికొచ్చిందంత అన్న. నీకు నీ పానం మీద లేకుంటె మాకున్నది అన్న. బావను ఎవలు చూస్తరన్న. ఆకరికి అనొద్దని తెలిసి గూడ అన్న:

"మీ అవ్వకు ఎవలన్న చూపిచ్చిండ్రా? చూపిస్తె బతుకునేమో, ఎవలకెర్క?"

ఆమె చిందిన తంబాకును చేత్తోని కుప్పజేసి చాటలకు ఎత్తింది. లేచి మొకం కడుక్కొని చీర మార్చుకొని వచ్చింది. నేను చెప్పులేసుకునే లోపట బస్టాండ్ దిక్కు నడుస్తున్నది.

నజియా డాక్టర్ కాడ కుర్చీల కూసుండవెట్టినంక వసంతక్క నా చెయ్యి పట్టుకున్నది. నేను ఆమెను చూడలే, గోడను చూసిన. డాక్టర్ లైటేసి లోపట నీళ్లు కొట్టింది. పిచికారీతోని కడుగుతుంటె బయటికొచ్చిన నీళ్లల్ల సన్నగ, నల్లగ ఏమో పొడి వచ్చింది. డాక్టర్ ఆగి, దాన్ని దూది మీదికి తీసి చూసింది. వాసన చూసింది. మొకం మారింది.

"ఇది తంబాకు కదమ్మా. ఇక్కడికి ఎట్లొచ్చింది?"

వసంతక్కకు దాచుకునేదేం లేదు, సాఫ్‌గ చెప్పింది. ఆనాడు సందెకు నెత్తురు ఆగకుంటె చాటలకెల్లి చిటికెడు తీసి బొందల నొక్కిందట. ఆకు కత్తిరిచ్చేటప్పుడు కైంచి తగిలి ఏలు తెగితె మేమంత చేసేది అదే. తంబాకు అద్దుతం, నెత్తురు ఆగుతది, మల్ల పనిల పడ్తం. అలవాటున్నదా అని డాక్టర్ అడిగింది తాగేది, నమిలేది గురించని ఆమె అనుకున్నది. నేను గూడ గట్లనే అనుకున్న. ఆ సందెకు నేను పక్కనుంటె నేనే తెచ్చిస్తుంటి. పైకెల్లి మా ఇల్లంత, మా బట్టలంత తంబాకు వాసనే. ఆమె నోటికెల్లి వస్తె ఎవలు గుర్తువడ్తరు?

డాక్టర్ తిట్టలే. ఉమ్ముడుతోని నెత్తురు మూత ఊడిందని, మీదికెల్లి తంబాకు మిగిలింది గూడ కరాబు చేసిందని, ఎముక బయటవడ్డది కాబట్టే చెవుల దాకా గుంజుతున్నదని చెప్పింది. కడిగి, లవంగం వాసనొచ్చే మందు పెట్టింది. పెట్టినంక జరసేపటికే వసంతక్క భుజాలు దిగినయి. గని నా చెయ్యి ఇడవలే. గోడ దిక్కు చూసుకుంటనే అడిగింది:

"అది గాదా అమ్మా?"

ఏదీ అని డాక్టర్ అడగలే. బుగ్గలు, నాలుక, నాలుక కింద, అన్ని ఏలు పెట్టి ఓపికగ చూసింది. గొంతు కింద తడిమింది. అట్లాంటిదేం కనిపిస్తలేదమ్మా, ఈ బొంద మానుతది అన్నది. మందు మార్చనీకి రావాలె, మానేదాకా చూపిస్తనే ఉండాలె అన్నది. తంబాకు గాయం మీద పెట్టొద్దు, అది మాననియ్యది, పుండును ఇంక పెద్దగ చేస్తది, నోట్లె అయితె మరీ అన్నది. నేను అక్కడనే ఏడ్చిన. సిగ్గేం లేదు. బయటికొచ్చి బావకు ఫోన్ కొడితె ఆయన హలో అనలేకపాయె.

బస్సుల కిటికీ పక్కన ఆమెను కూసోవెట్టిన. ఇగ నా నోరు ఆగుతదా? నేను తిడితె గద కదిలినవు అన్న, పట్టుచీర మాత్రం నాకే ఇయ్యాలె అన్న. ఎడపల్లి దాటినంక గూడ ఆమె నవ్వలే. కొంగు దవుడకు ఒత్తుకొని బయటికి చూస్తున్నది. నొప్పేమో అనుకొని నేను ఊకున్న.

"అవ్వకు నొప్పి లేసినప్పుడల్ల నేనే పెడుతుంటి రాణీ" అన్నది.

"ఏందక్కా?"

"తంబాకు. పుండు మీద. సల్లవడ్తదని. మండుతుందే వద్దే అని ఏడుస్తుంటె గూడ, గదువ పట్టి నోరు తెరిపిచ్చి నేనే పెట్టిన."

బస్సంత నిండున్నది. ఆమె చెయ్యి నా ఒళ్లెకు తీసుకున్న.

"నీకు అప్పుడు తెల్వదు కదక్కా" అన్న.

"గిప్పుడు తెల్సింది గద" అన్నది.