మామ్మను పక్కకు తిప్పాను

ఆ నర్సింగ్ హోము మెట్లెక్కుతుండగానే ఫినాయిలు వాసన గుప్పుమంది. సర్కారీ వార్డుల్లో ఆరితేరిన ముక్కు నాది. పట్టపగలు అంత ఫినాయిలు గుమ్మరించారంటే దాని అడుగున ఇంకో వాసన ఉండే ఉంటుందని అనుకున్నాను.

ప్రైవేటు ఆస్పత్రులన్నీ రిజిస్టరు చేయించుకోవాలని కొత్తగా చట్టం వచ్చిన రోజులవి. పలాసలో ఉన్నవాటిని చూసి రమ్మని ఒక గవర్నమెంటు డాక్టరుగారిని వేశారు. ఆయనకు తోడుగా, టెక్కలి ఆస్పత్రిలో హెడ్ నర్సుగా ఉన్న నన్ను వేశారు. జీపులోనే ఆయన చెప్పేశారు.

“సిస్టర్, ఇప్పుడు వెళ్ళే నర్సింగ్ హోము యజమాని కూడా డాక్టరే, నా క్లాస్‌మేటు. పైపైన చూసి తొందరగా లేచొచ్చేద్దాం.”

నాకు అక్కడే ఒళ్ళు మండింది.

నర్సింగ్ హోము యజమాని గుమ్మం దాకా ఎదురొచ్చి మమ్మల్ని తన ఏసీ గదిలో కూర్చోబెట్టాడు. కొబ్బరిబొండాలు తెప్పించాడు. స్నేహితులిద్దరూ కాలేజీ కబుర్లలో పడ్డారు. నేను బొండాం ముట్టుకోకుండా లేచాను.

“వార్డులు చూస్తాను సార్.”

“కూర్చోండి సిస్టర్. వార్డులు ఎక్కడికైనా పారిపోతాయా?”

“పారిపోవు. లోపలున్నవాళ్ళూ పారిపోలేరు. అందుకే చూస్తానంటున్నాను.”

యజమాని నవ్వు ఆగిపోయింది. మా డాక్టరుగారు నావైపు గుడ్లురిమి చూశారు. ఇద్దరూ నా వెనకాలే వచ్చారు.

మేడ మీద వార్డు చివర వెనక మెట్లకు తలుపుంది. దానికి గొలుసు వేసి తాళం పెట్టారు. కిటికీలోంచి తొంగి చూస్తే మెట్ల నిండా సెలైన్ అట్టపెట్టెలు, విరిగిన మంచం, ఎవరివో జీడిపిక్కల బస్తాలు. నిప్పంటుకుంటే ఈ రోగులు ఎటు దిగాలని అడిగాను.

“తాళం తీస్తే దొంగలు సిలిండర్లు మోసుకుపోతారండీ. ఊరు అలాంటిది,” అన్నాడు యజమాని.

“తాళంచెవి ఎవరి దగ్గరుంది?”

నర్సు బట్టల్లో ఉన్న అమ్మాయి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన గోడవైపు చూశాడు. ఎవరి దగ్గరుందో అక్కడ ఎవరికీ తెలియదు.

ఇంకో వాసన అన్నానే, అది మూల మంచం దగ్గర దొరికింది. ఒక ముసలామె వెల్లకిలా పడుకుని పైకప్పు చూస్తోంది. ఆమె కోడలు అట్టముక్కతో విసురుతోంది. ఉద్దానం తీరంలో ఒక పల్లె వాళ్ళది. సముద్రం మీద బతికే కుటుంబం. మామ్మ అరుగు మీంచి పడి తొడ ఎముక విరిగితే ఇక్కడికి తెచ్చి రాడ్డు వేయించారట.

“ఈమెను చివరిసారి ఎప్పుడు పక్కకు తిప్పారు?” అని అడిగాను.

“ఆపరేషన్ కేసు. కదపకూడదు,” అన్నాడు యజమాని.

రాడ్డు వేసిన మనిషిని పక్కకు తిప్పుతూ ఉండకపోతే ఏమవుతుందో నర్సింగు చదివే మొదటి ఏడాది పిల్లకు కూడా తెలుసు. ఆయనకు తెలియదని నేను ఎలా నమ్మాలి? దుప్పటి తీయబోయాను. కోడలు నా చెయ్యి పట్టేసుకుంది.

“ఒగ్గేయమ్మా! డాక్టరుబాబు కదపొద్దన్నాడు. మజ్జిన నువ్వెవులు?”

“నర్సునమ్మా. కాలు జాగ్రత్తగా పట్టుకుంటాం. ఏమీ కాదు.”

నర్సమ్మాయిని కాలు పట్టుకోమని చెప్పి మామ్మను మెల్లగా పక్కకు తిప్పాను. మామ్మ కెవ్వుమంది.

“ఓలమ్మో, సంపేత్తంది! ఎవులే నువ్వు? నీ సేతులు పడిపోనూ!”

నా మణికట్టు రక్తం వచ్చేలా రక్కింది. నేను వదల్లేదు. నడుం కింద, వెన్ను చివర పడకపుండు. నా అరచెయ్యి పట్టేంత వెడల్పు. అంచులు నల్లబడ్డాయి, లోపల చీము. కోడలు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అట్టముక్క కింద పడిపోయింది. ఆమెకు తెలియదు. కదపొద్దంటే కదపలేదు, అంతే.

“ముసలి ఒళ్ళు సిస్టర్, ఇలాంటివి వస్తుంటాయి,” అన్నాడు యజమాని. “మీ టెక్కలి ఆస్పత్రిలో మంచాల కింద కుక్కలు పడుకుంటాయి. అక్కణ్ణుంచి వచ్చి నాకు పాఠాలు చెబుతారా?”

కుక్కల మాట నిజమే. నేనే ఎన్నోసార్లు కర్ర పట్టుకుని తరిమాను.

“పడుకుంటాయి సార్. కానీ ఈ పుండు పెట్టింది మా కుక్కలు కాదు.”

డ్రెస్సింగు ట్రే తెమ్మన్నాను. అమ్మాయి కదలకపోతే నేనే వెళ్ళి తెచ్చుకున్నాను. “మనం చూడ్డానికొచ్చాం సిస్టర్, చెయ్యడానికి కాదు,” అని మా డాక్టరుగారు రెండు మూడుసార్లు అన్నారు. నేను తలెత్తలేదు. సెలైనుతో కడుగుతున్నంతసేపూ మామ్మ నన్నూ నన్ను కన్నవాళ్ళనూ తిడుతూనే ఉంది.

అప్పుడే ఆమె కొడుకు టీ గ్లాసుతో పైకి వచ్చాడు. పుండు చూసి నిలబడిపోయాడు. వెళ్ళి యజమాని చొక్కా పట్టుకుంటాడేమో అనుకున్నాను. పట్టుకుంటే బాగుండునని కూడా అనుకున్నాను. అతను నావైపు తిరిగాడు.

“ఇంతమందున్నారు. ఒక్కలైనా సెప్పినారా నాకు? తెల్లబట్టలేసుకున్నోలంతా ఒకటే.”

“టెక్కలి తీసుకురా నాయనా. నేను అక్కడే ఉంటాను, దగ్గరుండి చూసుకుంటాను.”

“మీ ఆస్పత్రికా? మా అయ్య అక్కడే సచ్చిపోనాడు. మీ దండమూ వద్దు, మీ మందులూ వద్దు.”

అతను కిందికి వెళ్ళి ఆటో తెచ్చాడు. మొగుడూ పెళ్ళాం దుప్పటితో సహా మామ్మను ఎత్తుకుని దిగారు. సాయం పట్టబోతే కోడలు మోచేత్తో నన్ను తోసేసింది.

“చూశావా? ఉన్న పేషెంటుని లేపి పంపించేసింది,” అన్నాడు యజమాని స్నేహితుడితో.

తిరిగి వెళ్ళేటప్పుడు జీపులోనే రిపోర్టు తయారైంది. డాక్టరుగారు అన్నీ సంతృప్తికరంగా ఉన్నాయని రాశారు. నేను సంతకం పెట్టనన్నాను. చూసింది చూసినట్టు విడిగా రాసి పైకి పంపాను. కొన్నాళ్ళకు నాకే మెమో వచ్చింది. నా పరిధిలో లేని రోగిని ఎందుకు ముట్టుకున్నానో సంజాయిషీ ఇమ్మన్నారు. నర్సింగ్ హోముకు సర్టిఫికెట్ వచ్చింది. దాన్ని అద్దాల ఫ్రేములో పెట్టి ఏసీ గదిలో తగిలించాడని విన్నాను.

ఆ మెమో రాకముందే నేను మామ్మను వెతుక్కుంటూ వెళ్ళాను. తనిఖీ రోజు మేం మెట్లు దిగుతుంటే నర్సమ్మాయి రహస్యంగా ఊరి పేరు చెప్పింది. ఆదివారం కాశీబుగ్గలో బస్సెక్కాను. జీడితోటలు, కొబ్బరితోటలు దాటాక ఇసక మొదలైంది. కొడుకు చేపలవేటకు వెళ్ళాడు. గుమ్మంలో కోడలు చేతులు కట్టుకుని నిలబడింది.

“ఏటి, మల్లీ తనికీయా?”

“కట్టు మార్చడానికొచ్చాను.”

“ఆ సేతులు పడిపోనిది మల్లీ వచ్చినాదేటే?” అని లోపల్నించి మామ్మ గొంతు.

కోడలు అడ్డు తప్పుకుంది. రమ్మని మాత్రం అనలేదు. ఆ రోజు నల్లబడిన కండ కత్తిరించి తీసేశాను. ఎలా కడగాలో, గుడ్డలు ఎలా మరిగించాలో, రెండు గంటలకోసారి ఎటు తిప్పి వీపు వెనక దిండు ఎలా పెట్టాలో చూపించాను. రోజూ చేపో గుడ్డో పెట్టమన్నాను. ఆ తర్వాత వీలైన ఆదివారమల్లా వెళ్ళాను. చెప్పిందేదీ కోడలు తప్పించలేదు. దిండు ఎప్పుడూ ఉండాల్సిన చోటే ఉండేది. నాకు మాత్రం ఒక్కసారీ పీట వెయ్యలేదు, మంచినీళ్ళు ఇవ్వలేదు. మామ్మ తిట్లు తగ్గలేదు గానీ మధ్యలో ప్రశ్నలు మొదలయ్యాయి.

“నీకు మొగుడూ పిల్లలూ నేరేటి? ఆదోరం పూట ఇంటికాడ కుదురుగా ఉండనేవా?”

“ఉన్నారు మామ్మా. కదలకు.”

జీడితోటలు పూతకొచ్చేసరికి పుండు అడుగునుంచి ఎర్రగా పూడుకొచ్చింది. పిక్కలు ఏరే కాలానికి లేత చర్మం కప్పేసింది. మామ్మ కర్ర పట్టుకుని గుమ్మం దాకా నడిచింది. నన్ను చూసి, “ఇంకేటి మిగిలిపోనాదని వచ్చినావు?” అని మూతి తిప్పింది. నాకు గర్వంగానే ఉంది, దాచడమెందుకు.

ఆ రోజు కోడలు మొదటిసారి నాతోపాటు వీధిలోకి నడిచింది. మంచి మాట ఏదో చెబుతుందనుకున్నాను.

“ఇంక రావద్దమ్మా,” అంది.

“ఎందుకు?”

“నువ్వొచ్చినప్పుడల్లా ఊరంతా సూత్తంది. అత్తని కోడలే కుళ్ళబెట్టీసింది, గవర్నమెంటోలొచ్చి బాగు సేత్తన్నారని సెప్పుకుంటన్నారు. నీల్లకెల్తే నన్ను సూసి నవ్వుతన్నారు. మొకం ఎత్తుకోనేకపోతన్నాను.”

ఇన్నాళ్ళూ ఆమె కోపం నా మీద అనుకున్నాను. పుండు పెట్టినవాడు ఏసీ గదిలో ఉన్నాడు, అవమానం ఈమె మోస్తోంది. నాకు కోపం వచ్చింది.

వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలతో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. వాళ్ళ మధ్యలోకి వెళ్ళి నిలబడ్డాను.

“మామ్మకి ఆ పుండు ఇంట్లో పట్టలేదు. ఆస్పత్రిలో పట్టింది. ఈ కోడలు రాత్రీ పగలూ చేసుకోబట్టి మనిషి దక్కింది,” అని వీధి చివరిదాకా వినబడేటట్టు అన్నాను.

“మాకెందుకమ్మా ఇయ్యన్నీ,” అని ఒకామె బిందె చంకనెత్తుకుని వెళ్ళిపోయింది. ఇంకొకామె మాత్రం నిండిన బిందె కింద పెట్టి అడిగింది.

“ఏ ఆస్పత్రేటి?”

పేరు చెప్పాను. వెనక ఉన్నవాళ్ళకు వినబడలేదేమోనని మళ్ళీ చెప్పాను. కోడలు వినడానికి ఆగలేదు. అప్పటికే ఇంటివైపు తిరిగి వెళ్ళిపోతోంది.