అదురు లేని బండి

తొంభై ఏడో సంవత్సరం, మృగశిర కార్తె వెళ్ళిన రోజులు. అప్పటికి రాజమండ్రిలో లారీ స్టాండు పక్కనున్న నా షాపుకు మంచి పేరే ఉండేది. బోర్డు మీద లేత్ వర్క్స్ అని రాయించినా, నేను చేసేదల్లా ప్రొపెల్లర్ షాఫ్టుల పనే. గేరుబాక్సు దగ్గర్నుంచి చక్రాల ఇరుసుదాకా ఇంజను బలాన్ని మోసుకుపోయే ఇనప గొట్టాన్ని ప్రొపెల్లర్ షాఫ్ట్ అంటారు. బండి నడిపేవాడికి అది కంటికి కనబడదు. పాడైందంటే మాత్రం నడుముకు తెలుస్తుంది. నాకు నోటి దురుసు ఎక్కువని అందరూ అనేవాళ్ళు. అబద్ధమేమీ కాదు. ఇంకొకడు చెడగొట్టిన పని నా దగ్గరికొస్తే ముందు వాణ్ణి తిట్టి, ఆ తర్వాతే స్పానరు పట్టుకునేవాణ్ణి.

సూరిబాబు వచ్చినరోజూ అదే జరిగింది. ఆయన గోదావరి మధ్య లంకలో అరటి వేసే రైతు. తెచ్చింది పాత డీజిల్ జీపు, నాలుగు చక్రాలూ లాగే ఫోర్ వీల్ డ్రైవ్ రకం. ఎవడో దాన్ని ఎత్తు చేశాడు. మామూలుగా ఆ జీపులకు బరువు మోసే కమాన్ పట్టీలు ఇరుసు కిందనుంచి పోతాయి. వాటిని విప్పి ఇరుసు మీదకు బిగిస్తే బండి బెత్తెడుకు పైగా లేస్తుంది. లేవడం బాగానే ఉంటుంది. కాని గేరుబాక్సు పైకి పోతుంది, ఇరుసు కిందే ఉంటుంది, మధ్యలో షాఫ్టు ఏటవాలై పొడవు చాలదు. ఆ మేస్త్రీ ఎవరోగాని గొట్టం కోసి, మధ్యలో ముక్క పెట్టి, వెల్డింగు కొట్టి పంపేశాడు.

"ఎవడండీ ఇది అతికింది? కిటికీకి ఊచ పెట్టినట్టు పెట్టేశాడు. వాడికి కళ్ళున్నాయా?" అన్నాను జీపు కిందనుంచే.

"మా వైపే చేయించానండి," అన్నాడు సూరిబాబు. "ముప్పై దాటితే వెనకంతా అదురుతోందండి. మా ఆవిణ్ణి అందులో పడుకోబెట్టాలండి."

నేను బయటికి వచ్చి చేతులు తుడుచుకున్నాను. ఆయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. భార్య పేరు మంగతాయారు. రొమ్ములో మొదలైన క్యాన్సరు వెన్నెముకలోకి దిగింది. ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకుపొమ్మని రాజమండ్రి ఆస్పత్రివాళ్ళు చెప్పేశారు. ఇంటికి పోవాలంటే గోదావరి పాయ దాటాలి. పడవలో అయితే గట్టు దింపాలి, ఎక్కించాలి, మళ్ళీ దింపాలి. ఎత్తినప్పుడల్లా ఆవిడకు ప్రాణం పోయి వస్తోంది. పాయలో ఇంకా నీళ్ళు తక్కువే, ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. కాని వాటి చక్రాల గాడుల మధ్య ఇసుక దిబ్బకట్టి జీపు పొట్ట ఆనుకుపోతోంది. అందుకే ఎత్తు చేయించాడు.

"పైన వానలు మొదలయ్యాయంటండి. ఎర్రనీరు దిగిందంటే పాయ నిండిపోద్ది," అన్నాడు.

"అంత తొందరేంటండీ? నీళ్ళు తగ్గాక తీసుకెళ్ళచ్చుగా?" అని అడిగేశాను. అని నాలిక కరుచుకున్నాను.

ఆయన కోప్పడలేదు. "ఊపిరుండగా గుమ్మం ఎక్కాలండి. బయట పోతే మా ఊళ్ళోకి రానివ్వరు. పొలిమేర దగ్గరే పందిరేసి, అటునుంచి అటే కాటికి. మా నాన్న ఇక్కడే ఆస్పత్రిలో పోయాడండి. మా అమ్మే, అచ్చియ్యమ్మ, సొంత మొగుణ్ణి ఊరి బయట తాటాకు పందిట్లో ఉంచింది. ఊరికి కీడు తేకూడదంది. అమ్మ మాటంటే మాటేనండి. తాయారు రోజూ ఒకటే అడుగుతోంది, నన్ను కూడా బయట పెడతారా అని."

ఇంక నాకు తిట్టడానికి నోరు రాలేదు.

షాఫ్టుకు రెండు చివర్లా క్రాస్ జాయింట్లు ఉంటాయి. వంగి తిరిగేటప్పుడు ఒక జాయింటు గొట్టాన్ని ఓసారి తొందరపెడుతుంది, ఓసారి ఆపుతుంది. ఆ తేడాను రెండో జాయింటు సర్దాలి. ఒకే రోట్లో ఇద్దరు ఆడవాళ్ళు దంచుతుంటే చూశారా? ఒకరి రోకలి లేస్తుంటే ఇంకొకరిది పడాలి. వరస తప్పితే రోకలీ రోకలీ కొట్టుకుంటాయి. ఇదీ అంతే. గొట్టం రెండు చివర్లా జాయింట్లను పట్టుకునే చెవులు ఒకే వరసలో నిలవాలి, రెండు వైపులా వంపు సమానంగా ఉండాలి. ఆ మేస్త్రీ అతుకులో చెవులు పక్కకు తిరిగిపోయాయి. షాఫ్టు తగిలించే ఇరుసు ముక్కు ఒక దిక్కు చూస్తోంది, గేరుబాక్సు ఇంకో దిక్కు చూస్తోంది.

చేతిలో ఉన్న లారీ పని పక్కన పడేశాను. దాని ఓనరు గొడవకొస్తే వాణ్ణీ నాలుగు మాటలని పంపాను. కొత్త గొట్టం తీసుకుని, చెవులు వరస పెట్టి అతికాను. లేత్ మీద తిప్పుతూ సుద్దముక్క ఆనించి, ఎక్కడ ఉబ్బిందో చూసి సరిచేశాను. కమాన్ల కింద ఒక పక్క పల్చగా ఉండే చీల ముక్కలు పెట్టి ఇరుసు ముక్కును సర్దాను. గేరుబాక్సు మోసే అడ్డపట్టీకి దిమ్మలు వేసి కాస్త కిందికి దింపాను.

ట్రయలుకు నేను స్టీలు గ్లాసులో నీళ్ళు పోసి బండిలో పెట్టుకునేవాణ్ణి. నీళ్ళమీద వణుకు చూస్తే అదురు ఎంతో తెలిసిపోతుంది. సూరిబాబు ఆ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"గ్లాసుకి నడుం ఉండదు కదండీ," అని తనే వెనక పరిచిన పరుపు మీద వెల్లకిలా పడుకున్నాడు. తాయారు ఎలా పడుకోవాలో అలాగే.

హైవే ఎక్కాను. నలభై దగ్గర వెనకనుంచి కేక వేశాడు. "ఇక్కడేనండి. ఎముకలోకి పాకుతోందండి." తిరిగొచ్చి మళ్ళీ విప్పాను. చీల ముక్కల్ని ఇంకాస్త అరగదీసి బిగించాను. రెండోసారి వెళ్ళినప్పుడు నలభై దాటింది, యాభై దాటింది, వెనకనుంచి మాటే లేదు. నాకు అనుమానమొచ్చింది.

"సూరిబాబుగారూ!"

"ఆయ్," అన్నాడు. తిరిగి చూస్తే కన్నీళ్ళు చెవుల్లోకి కారిపోతున్నాయి. "బాగుందండి. ఇందులో అయితే తాయారు పడుకుంటుందండి."

మర్నాడు పొద్దున్న నేనూ వాళ్ళతో బయల్దేరాను. ఎవరూ రమ్మనలేదు. దారిలో ఏ బోల్టు సడలినా అని పానాల సంచీ తగిలించుకున్నాను. పాయలో దారి తెలిసినవాడు సూరిబాబే కాబట్టి ఆయన స్టీరింగు పట్టాడు. వెనక పక్క సీటు మీద తాయారు దగ్గర నేను కూర్చున్నాను. పరుపుతో సహా ఎక్కించేటప్పుడు ఆ తల్లి అరిచిన అరుపుకు ఆస్పత్రి గేటు దగ్గర జనం ఆగిపోయారు. బండి కదిలి కాలవ గట్టు ఎక్కాక కాస్త తేరుకుంది.

"ఇది మన బండేనా?" అంది.

"మనదేనే తాయారూ."

"అదరట్లేదేంటి?"

"మేస్త్రీగారు బాగుచేశారు. నీ పక్కన కూచున్నారే, ఆయనే."

ఆవిడ నావైపు కళ్ళు తిప్పింది. "చల్లగా ఉండండి బాబూ," అంది. తర్వాత మొగుడితో, "పాయ రాగానే చెప్పు. నీళ్ళ చప్పుడు వినాలి," అని, ఎండ తగలకుండా కొంగు ముఖంమీదికి లాక్కుంది.

నేను వంగి కూర్చుని కింద షాఫ్టు చప్పుడే వింటున్నాను. చప్పుడు లేదు. వెన్న మీద పోతున్నట్టుంది. నా పనికి నాకే ముచ్చటేసింది. గట్టు దిగి, ఫోర్ వీల్ వేసి, జీపు నీళ్ళలోకి దిగింది. ఇసుక దిబ్బ పొట్టకు తగలనే లేదు.

"తాయారూ, పాయొచ్చిందే," అన్నాడు సూరిబాబు. పలకలేదు.

"నిద్రపట్టిందండి, లేపకండి," అన్నాను. "అదురు లేదు కదా మరి!" అని గొప్పగా కూడా అన్నాను.

అవతలి గట్టెక్కాక ఆయన బండి ఆపి వెనక్కి వచ్చాడు. నవ్వుతూనే వచ్చి కొంగు తీశాడు. కాసేపు అలాగే చూశాడు. నావైపు చూశాడు. ఆయన ఏడవలేదు. కొంగు మళ్ళీ జాగ్రత్తగా కప్పి, వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాడు. చాలాసేపటికి గేరు వేశాడు.

ఊరి మొదట్లో పెద్దమనుషులు నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్ళ ముందు తెల్లచీర కట్టుకున్న ముసలావిడ, అచ్చియ్యమ్మ. సూరిబాబు బండి ఆపి తల వంచుకున్నాడు. ఆవిడ నేరుగా వెనక్కి వచ్చి కోడలి పాదం పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఆవిడ ముఖంలోకి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

"ఎలా ఉందండీ కోడలు?" అని వెనకనుంచి ఎవరో అడిగారు.

"అలిసిపోయిందర్రా," అంది అచ్చియ్యమ్మ, కోడలి పాదం మీదికి చీర లాగుతూ. "ఇప్పుడే కన్నంటుకుంది. దారివ్వండి, ఇంటికి పోనియ్యండి."

ఆవిడే బండికి ముందు నడిచింది. గుమ్మం దగ్గర కోడలి కాళ్ళు తనే కడిగింది. లోపల మంచం మీద పడుకోబెట్టించి, నోట్లో తులసి నీళ్ళు పోసింది. నేను బయట జీపు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆ తర్వాత ముసలావిడ ఏడుపు వినబడింది. అందులో కోడలి పేరు ఒకసారి వస్తే, పందిట్లో పెట్టిన మొగుడి మాట రెండుసార్లు వచ్చింది. అప్పుడు ఏడ్చాను నేను కూడా, సిగ్గులేకుండా, టైరు పక్కన కూలబడి.

చప్పుడు లేకపోతే బండి బాగున్నట్టు అని నాకు పని నేర్పినవాళ్ళు చెప్పారు. ఏళ్ళతరబడి నేనూ అందరికీ అదే చెప్పాను. అది ఇనుముకు సరిపోతుందిగాని, బండిలో ఉన్న మనిషికి సరిపోదు. ఆరోజునుంచి, "ఇప్పుడు అసలు చప్పుడే లేదండి" అని ఎవరైనా మెచ్చుకుంటే నాకు సంతోషం రాదు.

సూరిబాబు ఏటా మృగశిర వెళ్ళాక జీపు తెస్తాడు, క్రాస్ జాయింట్లకు గ్రీజు పెట్టించాలని. నిజానికి బండిలో లోపమేమీ ఉండదు. పనయ్యాక, "ఓసారి తిప్పండి మేస్త్రీగారూ," అని వెనక్కెళ్ళి వెల్లకిలా పడుకుంటాడు. నేను హైవే ఎక్కుతాను. బండి అదరదు. నేను మాత్రం మధ్యమధ్యలో "సూరిబాబుగారూ" అని పిలుస్తూనే ఉంటాను. ఆయన "ఆయ్" అంటాడు. ఆ మాట విన్నాకే గేరు మారుస్తాను.