గుర్తురాయి దగ్గర మనిషి

నీళ్ళ విషయంలో భూపాల్ ఎవరి మాటా నమ్మడు. యూనివర్సిటీ క్యాంపస్‌లో హాస్టళ్ళకు నీళ్ళు వదిలే పని అతనిది. పొద్దున్నే ఇనుప కడ్డీ స్కూటర్‌కు కట్టుకుని బయలుదేరి, ఒక్కో గుంత దగ్గర ఆగి వాల్వులు తిప్పుతాడు. పైనుంచి నీళ్ళు వదిలామని ఆఫీసు నుంచి ఫోన్ వచ్చినా సరే, ముందు పైపుకు చెవి ఆనించాలి. లోపల గాలి బుసకొట్టాలి. ఆ తర్వాత తుప్పురంగు నీళ్ళు కాసేపు పోవాలి. అప్పుడు గానీ వాల్వు మీంచి కడ్డీ తీయడు.

"నీళ్ళు చెప్పకుండ రావు. చెప్పకుండ ఒచ్చేది చుట్టాలే" అంటుంటాడు.

ఈ పని అతనికి ఎవరూ నేర్పలేదు. నల్లగొండ వైపు నుంచి కాలువలు తవ్వే కూలీగా క్యాంపస్‌కు వచ్చాడు. పైపులు వేసేవాళ్ళు టీకి పోయినప్పుడు వాళ్ళు సగంలో వదిలిన పనిని తిప్పి తిప్పి చూసి నేర్చుకున్నాడు. సీతాఫల్‌మండిలో ఇల్లు, పీజీ చదివే కూతురు పద్మశ్రీ, ఎన్నాళ్ళయినా వదలని చేపల పిచ్చి. అదీ అతని సంసారం. భార్య పోయి చాలాకాలమైంది.

రెండో శనివారం వస్తే కృష్ణకు పోవాల్సిందే. ఒక డ్యాముకు చాలా దిగువన అతనికొక చోటుంది. దాని పేరు ఎవరికీ చెప్పడు. చేపలవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టేముందు వెనకున్న గుట్ట కనబడకుండా కత్తిరిస్తాడు. "అన్నా, లొకేషన్ పెట్టు" అని అడిగినవాళ్ళకు దండం బొమ్మ పంపి ఊరుకుంటాడు.

ఆ చోట ఒడ్డుకూ నదికీ మధ్య పొడుగాటి రాళ్ళదిబ్బ ఉంది. ఒడ్డు నుంచి దిబ్బకు పోవాలంటే మోకాలిలోతు పాయ దాటాలి. దిబ్బ అవతలి అంచున నడుస్తూ గాలం విసిరితే వాలుగలు పడతాయి. చిక్కల్లా డ్యాముతోనే. కరెంటు తీయడానికి నీళ్ళు వదిలితే నది లేస్తుంది. లేచే నది ముందు దిబ్బను ముంచదు, వెనకున్న పాయను నింపుతుంది. దిబ్బ మీద నిలబడి ఎదురుగా నదిని చూసుకునేవాడికి తేడా తెలియదు. తెలిసేసరికి వెనక దారి ఉండదు.

అందుకే భూపాల్ ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఒక మనిషి ఒడ్డు మీదే ఉండాలి. నీళ్ళ అంచుకు బెత్తెడు పైన సున్నం పూసిన రాయి పెట్టి, దాని పక్కన కూర్చోవాలి. నీళ్ళు రాయిని తాకితే ఈల ఊదాలి. ఈల వినబడితే నీళ్ళలో ఉన్నవాళ్ళు చేప కొక్కేనికి పడినా సరే, దారం తెంపి బయటికి రావాలి.

మొదట్లో ఆ కావలి అతని వెంట వచ్చే ఎంకన్నది. ఒకసారి భూపాల్ తనంతట తాను బయటికి వచ్చి చూస్తే, రాయి సగం మునిగి ఉంది. ఎంకన్న పల్లీలు ఒలుచుకుంటూ ఫోన్‌లో వీడియోలు చూస్తున్నాడు. "ఇప్పుడే చూసిన, అప్పుడు పొడిగనే ఉండె" అన్నాడు. ఆ రోజు నుంచి భూపాల్ అతన్ని తీసుకుపోలేదు, తనూ పోలేదు.

అట్లా నెలలు గడిచాక పద్మశ్రీ మొదలుపెట్టింది.

"నాయినా, నన్ను తీస్కపో. నేను కూడ దిగుత."

"బాత్‌రూంల జారి పడ్తవు, ఏట్ల దిగుతవా?"

"నేర్పు మరి."

మూడు నెలలు ఇంట్లో ఇదే గొడవ. కూతురు తనతో నీళ్ళలో ఉంటుందంటే భూపాల్‌కు లోపల ఎంత సంతోషమో అంత దడ. పిల్లను నదిలోకి దించితే ఒడ్డు మీద ఎవరుంటారు? ఆ మనిషి కళ్ళలోనే కదా పిల్ల ప్రాణం.

మనిషిని పద్మశ్రీయే వెతికింది. ఆమె స్నేహితురాలు క్రిస్టినా తండ్రి సైమన్. రేపల్లె వైపు మనిషి. తార్నాకలో ఒక స్కూల్లో క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. షుగరు, కాళ్ళు తడపకూడదని డాక్టరు చెప్పాడు. ఒడ్డు మీద కూర్చోవడానికి తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. ఆదివారం చర్చి మానడు గనక శనివారమైతే సరే.

భూపాల్‌కు అనుమానం పట్టుకుంది. గాలం ముట్టని మనిషి, డబ్బు అడగని మనిషి, నదిదాకా ఎందుకు వస్తానంటున్నాడు? చోటు తెలుసుకుని చర్చి కుర్రాళ్ళకు చెప్పడానికా? ఇంట్లో పోరు పడలేకనా? కంటిచూపు ఎట్లా ఉందో? తార్నాకలో వాళ్ళింటికి పోయి టీ తాగుతూ, గోడమీద క్యాలెండరు చూపించి, "సారూ, ఆ చిన్నక్షరాలు ఏందివి?" అని అడిగాడు. సైమన్ చదివాడు. అద్దాలు లేకుండా చదివాడు. అదీ భూపాల్‌కు నచ్చలేదు. ముందే చదివి కంఠతా పట్టాడేమో!

మరునాడు సైమన్‌ను క్యాంపస్‌కు పిలిచి ఒక పెద్ద సంపు దగ్గర కూర్చోబెట్టాడు. "ఈ ఇటుక దాకా నీళ్ళొస్తే నన్ను కేకెయ్యండి" అని చెప్పి, మోటారు వేసి, రేకుల గది వెనక్కి పోయి నిలబడ్డాడు. అక్కడినుంచి సైమన్ ఫోన్‌కు కాల్ చేశాడు. ఫోన్ మోగి మోగి ఆగింది. మళ్ళీ చేశాడు. సైమన్ జేబు కూడా తడుముకోలేదు. నీళ్ళు ఇటుకను తాకగానే "భూపాల్ గారూ!" అని గట్టిగా కేక.

"ఫోనెవలో చేసినట్టున్నరు సారూ?" అన్నాడు భూపాల్, ఏమీ ఎరగనట్టు వచ్చి.

"మీరేగా. మీరు గది వెనక్కి పోగానే మోగింది. నీళ్ళు చూడమన్నారు, చూశాను."

వెంట వచ్చిన పద్మశ్రీ పగలబడి నవ్వింది. భూపాల్ నవ్వలేదు. పరీక్ష అని తెలిసి రాసినవాడు పాసవక ఏం చేస్తాడు? నది దగ్గర పరీక్ష అని ఎవరూ చెప్పరు.

అయినా రెండో శనివారం బయలుదేరారు. ముందురోజు సాయంత్రం గ్రూపులో నాగేష్ అనే అతను, "రేపు కరెంటు తియ్యరంట, మా బామ్మర్ది చెప్పిండు, అందరు ఎంజాయ్" అని పెట్టాడు. ఈ నాగేష్‌కు ప్రతి డ్యాములోనూ ఒక బామ్మర్ది ఉంటాడు. భూపాల్ ఆ మెసేజ్ చూసి గుర్తురాయికి ఇంకోసారి సున్నం పూశాడు.

నది దగ్గర పద్మశ్రీకి లైఫ్ జాకెట్ తొడిగి, బకిల్స్ తానే బిగించి, లాగి చూశాడు. ఆమె బూట్ల అడుగున కొబ్బరిపీచు తాడు చుట్టి కట్టాడు. పాచిరాళ్ళ మీద రబ్బరు జారుతుంది, పీచు పట్టుకుంటుంది. వెదురుకర్రకు కింద ఇనుప పొన్ను వేసి తానే చేసిన ఊతకర్రల్లో ఒకటి ఆమె చేతికిచ్చాడు.

"కర్ర ఎప్పుడు నీళ్ళొచ్చే దిక్కే ఉండాలె. ముందు కర్ర దిగాలె, తర్వాత ఒక కాలు, తర్వాత ఇంకో కాలు. కాలు మీద కాలు ఎయ్యొద్దు. ఎత్తి ఎయ్యొద్దు, ఈడ్చి ఎయ్యి. తొడ దాటిందంటే వాపస్. పడ్డవనుకో, లేవనీకె చూడకు. ఎల్లకిల పండి కాళ్ళు ముందలికి పెట్టు."

"ఈల ఇనబడ్తే?"

"ఎందుకని అడగొద్దు. ఒడ్డెక్కినంక అడుగు."

సైమన్ మడతకుర్చీ రాయి పక్కన వేసుకున్నాడు. స్కూలు ఆటల ఈల మెడలో వేసుకుని, ఖాళీ నూనెడబ్బా కట్టిన తాడును కాళ్ళ దగ్గర చుట్టగా పెట్టుకున్నాడు. భూపాల్ పాయ దాటుతూ రెండుసార్లు వెనక్కి చూశాడు. సైమన్ రాయినే చూస్తున్నాడు. మనం చూస్తున్నామని చూస్తున్నాడేమో అనుకున్నాడు భూపాల్.

పద్మశ్రీ బాగా నడిచింది. తండ్రి చెప్పినట్టే కాళ్ళు ఈడుస్తూ, నదికి ఎదురుగా ఏటవాలుగా. దిబ్బ అంచున పిక్కలలోతు నీళ్ళలో నిలబడి గాలం విసరడం మొదలుపెట్టింది. మొదటి విసుర్లు ముళ్ళచెట్టుకు పోయాయి. "చెట్టు మీద వాలుగలుంటయా బిడ్డా?" అన్నాడు భూపాల్. "నీ నెత్తి మీద ఉంటయి, చూసుకో" అంది ఆమె. భార్య పోయాక ఇంత హాయిగా అతనెప్పుడూ లేడు.

అప్పుడు ఈల వినబడింది.

పద్మశ్రీ వెంటనే దారం చుట్టి వెనక్కి తిరిగింది. భూపాల్ కదలలేదు. నీళ్ళను చూశాడు. అద్దంలా ఉన్నాయి, అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. మన్ను లేదు, నురగ లేదు, ఆకూ పుల్లా కొట్టుకురావడం లేదు. చప్పుడు కూడా మారలేదు. పైపులో నీళ్ళు వచ్చేముందు గాలి వస్తుంది, తుప్పు వస్తుంది. నది వచ్చేముందు మన్నయినా రావద్దా? భయపడ్డాడు సైమన్. ఎండ ఎక్కిందేమో. అన్నం వేళ అయిందేమో.

ఈల మళ్ళీ వినబడింది, ఆగకుండా.

"నాయినా, రా!"

"నువ్వు నడువు, నేను చూసొస్త."

పద్మశ్రీ పాయలో దిగింది. భూపాల్ ఇంకొక్కసారి గాలం విసిరాడు. దారం నీళ్ళలో పడేలోపే పిక్కలకు చలి కొట్టింది. ఇందాకటి నీళ్ళు గోరువెచ్చన. ఇవి బావి అడుగు నీళ్ళలా ఉన్నాయి. డ్యాములో లోతు నుంచి వచ్చే నీళ్ళకు మన్నుండదు. రోజూ లేచి దిగే నది ఒడ్డున కొట్టుకురావడానికి ఆకు మిగలదు. ఈ సంగతి అతనికి ఒక్క క్షణంలో తెలిసింది, కాకపోతే ఆలస్యంగా తెలిసింది. ఇందాక కాలు ఆనించిన బండ ఇప్పుడు మునిగిపోయింది.

వెనక్కి తిరిగితే, పాయ మధ్యలో పద్మశ్రీ నిలబడి ఉంది. నీళ్ళు ఆమె తొడలదాకా వచ్చాయి. ఒడ్డువైపు కాదు, అతనివైపు తిరిగి ఉంది. తండ్రి రావడం లేదని వెనక్కి వస్తోంది.

"పోవే! ఒడ్డుకు పో!" అని అరిచాడు. ఆమె వినలేదు.

ఒడ్డు మీద సైమన్ లేచి నిలబడ్డాడు. ఆ మెత్తటి మనిషి నోటివెంట అంత కేక వస్తుందని భూపాల్ అనుకోలేదు.

"అమ్మాయ్! వెనక్కి ఒక్క అడుగు వేశావంటే కాళ్ళు విరగ్గొడతాను! మీ నాన్న సంగతి నాది. నన్నే చూస్తూ రా. కర్ర వెయ్యి, కాలు వెయ్యి. కర్ర... కాలు... అంతే!"

పద్మశ్రీ తిరిగింది. సైమన్ చెబుతున్న లెక్కకు కర్ర, కాలు, కర్ర, కాలు వేస్తూ ఒడ్డుచేరి గట్టు మీద కూలబడింది. అప్పటిదాకా భూపాల్ దిబ్బ మీదే నిలబడి చూశాడు.

అతని వంతు వచ్చేసరికి పాయ నడుముదాకా ఉంది. గాలం వదిలేశాడు. భుజాన ఉన్న సంచీ పట్టీ విప్పేశాడు. నదికి ఎదురు నిలబడి, కర్ర గుచ్చి, కాలు ఈడ్చాడు. నాలుగు అడుగులు పడ్డాయి. అయిదో అడుగులో రాయి దొర్లింది, కర్ర చేయి జారింది. వెల్లకిలా పడి కాళ్ళు ముందుకు పెట్టాడు. ఆకాశం, నీళ్ళు, ఆకాశం. చెవిపక్కన ఏదో తప్పున పడింది. నూనెడబ్బా. దాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. సైమన్ తాడును చెట్టుమొదలుకు చుట్టేసి కాళ్ళు తన్నిపెట్టాడు. పద్మశ్రీ కూడా వచ్చి పట్టుకుంది. తాడు బిగిసి, ప్రవాహమే భూపాల్‌ను ఒరుసుకుంటూ దిగువన గట్టుకు చేర్చింది.

సైమన్ బూట్లు నీళ్ళలో తడిసి ఉన్నాయి. పద్మశ్రీ అవి విప్పి, తన చున్నీతో ఆయన కాళ్ళు వేళ్ళ సందులతో సహా తుడిచింది. తండ్రివైపు చూడలేదు.

తిరుగు ప్రయాణంలో కిరాయి కారు తార్నాక మెట్రో స్తంభాల కిందికి వచ్చింది. సైమన్ ఇంటి గేటు ముందు దిగుతుంటే భూపాల్ నోరు తెరిచాడు.

"సారూ, వచ్చే రెండో శనివారం..."

"అమ్మాయి దిగితే వస్తానండి. మీకైతే కావలి ఉండను."

"నారాజ్ అయినరా?"

"కోపం కాదు. నేను ఈల ఊదితే అమ్మాయి వచ్చింది. మీరు రాలేదు. మీరు రాలేదని అమ్మాయి వెనక్కి మళ్ళింది. నా ఈల వల్ల ఆ పిల్లకి ప్రమాదం తగ్గాలి గానీ పెరగకూడదు కదండీ."

భూపాల్ కూతురివైపు చూశాడు.

"అంకుల్ చెప్పిందే ఖాయం. నీళ్ళల్ల నువ్వుంటే నేను దిగ. నీ మీద భరోసా లేదు నాయినా" అంది పద్మశ్రీ. నవ్వుతూ అనలేదు.

నెల రోజులు భూపాల్ ఆ మాటను నములుతూ తిరిగాడు. సైమన్ కావాలనే తనను తప్పించాడేమో అని కూడా ఒకరోజు అనుకున్నాడు. వాల్వు గుంతలో వంగి ఉండగా ఆ ఊహకు తనకే సిగ్గేసింది. పోదామా వద్దా అని పద్మశ్రీని అడిగితే, ఆమె అప్పటికే బూట్లకు కొత్త పీచుతాడు చుట్టుకుంటోంది.

ఆ శనివారం పద్మశ్రీ ఒక్కతే నీళ్ళలోకి దిగింది. దిబ్బ దాకా పోలేదు, ఒడ్డు పక్కనే మోకాలిలోతులో నడుస్తూ గాలం విసురుతోంది. సైమన్ కుర్చీ రాయి పక్కన. భూపాల్ తాడు పట్టుకుని దానికి కాస్త దిగువన. కాసేపటికి మెడ మెల్లగా రాయివైపు తిరిగింది. తడిసిందా, లేదా? ఈయన సరిగ్గా చూస్తున్నాడా?

"రాయి నాది. మీరు అమ్మాయిని చూడండి" అన్నాడు సైమన్, తల తిప్పకుండానే.

భూపాల్ తాడు సర్దుకుని కూతురివైపు తిరిగాడు.